రాత్రి లేని చోట ఉల్లంకుల కాపురాలు

(కాకినాడలో ఆగస్టు నెలాఖరు ఆదివారం పక్షి పరిశీలకుల సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసింది. మాట్లాడిన తీరు మార్చలేదు.)

అందరికీ నమస్కారమండీ. వెనక వరసకి వినిపిస్తోందా? ఆ ఫ్యాను కొంచెం తగ్గిస్తే... ఆఁ, చాలు.

పొద్దున్న మనలో పాతికమందిమి కుంభాభిషేకం రేవు దగ్గర బురదలో నిలబడ్డాం. నీరు తీస్తోంది. పిడికెడంత బూడిదరంగు పిట్టలు తడి బురద మీద పరిగెత్తడం, ముక్కుతో నాలుగు పోట్లు పొడవడం, మళ్ళీ పరుగు. వాటిలో మరీ చిన్నవి లిటిల్ స్టింట్‌లు. ముక్కు కాస్త కిందికి వంగినవి కర్ల్యూ శాండ్‌పైపర్లు. మన పెద్దవాళ్ళు ఇలాంటివాటన్నిటినీ కలిపి ఉల్లంకి పిట్టలనేవారు, నేనూ ఇవాళ అలాగే అంటాను. పక్కనే వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన నన్నడిగారు, "వీటికి తిండి తప్ప వేరే యావ లేదామ్మా?" అని.

ఇక్కడ లేదండీ. ఏడాదిలో ఎక్కువ భాగం వాటికి తిండి, ప్రయాణం, ఈకలు మార్చుకోవడం, అంతే. జత కట్టడం, పోట్లాటలు, గుడ్లు, పిల్లలు అన్నీ ఓ రెండు నెలల్లో, మన కంటికి దూరంగా అయిపోతాయి. అలాంటి ఒక చోటికి నేను రెండు వేసవులు వెళ్ళాను, పరిశోధక బృందంలో సహాయకురాలిగా. అంటే తాడు లాగడం, గూళ్ళు వెతకడం, గుడ్లు కొలవడం, నోటుపుస్తకం రాయడం. శాస్త్రవేత్తను కాను, కూలి అనుకోండి. (నవ్వులు)

అలాస్కాలో ఉట్కియాగ్విక్ అని ఒక ఊరు. పాత మ్యాపుల్లో బారో అని ఉంటుంది. 2016లో ఊరివాళ్ళు ఓటేసి తమ ఇన్యుపియాట్ భాషలోని పేరు వెనక్కి తెచ్చుకున్నారు. ఉత్తర అక్షాంశం 71 డిగ్రీలు. అమెరికాలో దానికంటే ఉత్తరాన ఊరు లేదు. మే రెండో వారంలో సూర్యుడు పైకొచ్చాడంటే ఆగస్టు మొదట్లో గానీ దిగడు. మా అమ్మ ఫోన్ చేసి "అక్కడ రాత్రయిందా, పడుకున్నావా" అనేది. రాత్రి కాలేదమ్మా అంటే "మరెప్పుడవుతుందే?" అని. "ఆగస్టులో." (నవ్వులు)

నేల గురించి ఒక మాట చెప్పాలి, లేకపోతే పిట్టల సంగతి అర్థం కాదు. చెట్టు అనేది లేదు. మోకాలి ఎత్తు పొద కూడా దొరకదు. పైన జానెడు, రెండు జానలు కరుగుతుంది, కింద ఏడాది పొడుగునా గడ్డకట్టిన నేల. నీరు కిందికి ఇంకదు కాబట్టి ఎక్కడికక్కడ నిలిచిపోతుంది. నేల గడ్డకట్టి, పగిలి, మళ్ళీ గడ్డకట్టి పలకలు పలకలుగా విడిపోయి, ఒక్కో పలక చుట్టూ గట్టు లేస్తుంది. విమానం దిగుతుంటే కిటికీలోంచి చూసి నేను నిజంగా ఉలిక్కిపడ్డాను. నాట్లకు నీళ్ళు పెట్టిన మన కోనసీమ మళ్ళలా ఉంది. గట్లు, మధ్యలో నీళ్ళు. దుక్కి దున్నినవాడే లేడు.

జూన్ మొదట్లో ఆ మళ్ళ మీద ఇంకా మంచు. గాలి చల్లదనం సున్నా దగ్గర ఊగుతుంటుంది. అప్పటికే పిట్టలు వచ్చేసి ఉంటాయి. మంచు కరిగి నల్లమన్ను కనిపించిన ప్రతి మరకకీ పోటీ. ఎందుకా తొందర అంటే, గుడ్డు పెట్టి, సుమారు 20 రోజులు పొదిగి, పిల్ల బయటికి వచ్చేసరికి నీళ్ళలోంచి దోమజాతి పురుగులు, క్రేన్‌ఫ్లైలు గుంపులుగా లేచే రోజులు రావాలి. ఆ పురుగులు లేచేది కొద్ది రోజులే. పిల్ల ముందొస్తే ఆకలి, వెనకొస్తే ఆకలి.

ఇంకో చిత్రం. ఇంత దూరం ఎగిరి వచ్చిన పిట్ట దారిలో దాచుకున్న కొవ్వుతోనే గుడ్లు పెడుతుందేమో అని చాలాకాలం అనుకున్నారు. 2001లో గుడ్లలోని, పిల్లల నూగులోని కార్బన్ ఐసోటోపులు, అంటే తిన్న తిండి ఎక్కడిదో చెప్పే కార్బన్ రకాలు చూసి తేల్చారు: కాదు, ఆ గుడ్డు అక్కడి తిండితోనే తయారవుతోంది. అంటే వచ్చి, ఆ చలిలో, సగం మంచు కింద ఉన్న నేలలో పురుగులు ఏరుకుని తిని గుడ్డు కట్టాలి. సెమీపామేటెడ్ శాండ్‌పైపర్ అని మన స్టింట్ అంత పిట్ట ఉంది, పాతిక ముప్పై గ్రాములు. నాలుగు గుడ్లు పెడుతుంది. నాలుగూ కలిపి తూస్తే దాదాపు తల్లి బరువు.

సరే, గూడు ఎలా కనిపెడతారు? గూడంటే గడ్డిలో అరచేతి గుంట, కాసిని ఎండుటాకులు. పిట్ట దానిమీద కూర్చుంటే రెండడుగుల దూరంలోంచి కూడా కనపడదు. అందుకని తాడు. ముప్పై మీటర్ల తాడు చెరో కొసా ఇద్దరు పట్టుకుని గడ్డి మీద ఈడ్చుకుంటూ నడుస్తారు. మూడోమనిషి వెనక వస్తాడు. తాడు పైనుంచి పోగానే పిట్ట లేస్తుంది. లేచిన చోటు మీదే కళ్ళు పెట్టి నడవాలి. పక్కకి చూశారా, పోయిందన్నమాటే. నేను మొదటి వారంలో అలా పోగొట్టుకున్నవాటికి లెక్కలేదు. ఒకరి భుజాన తుపాకీ ఉంటుంది. ధ్రువపు ఎలుగుబంటి వస్తే బెదరగొట్టడానికి. గుడ్ల కోసం కిందికీ, ఎలుగు కోసం పైకీ చూస్తూ నడవడం అక్కడే నేర్చుకున్నాను.

గూడు దొరికింది. గుడ్లు ఎప్పుడు పెట్టిందో ఎలా తెలుస్తుంది? దానికి పెద్ద యంత్రమేమీ లేదు. చిన్న పారదర్శకమైన డబ్బాలో నీళ్ళు పోసి గుడ్డు వేస్తాం. కొత్త గుడ్డు అడుగున పక్కకి పడుకుంటుంది. కొన్నాళ్ళదైతే మొద్దు వైపు లేస్తుంది. ఇంకొన్నాళ్ళకి నిటారుగా నిలబడుతుంది. తర్వాత పైకి తేలుతుంది, లోపల గాలి గది పెరుగుతుంది కాబట్టి. మనింట్లో గుడ్డు నీళ్ళలో తేలితే పారేస్తాం. అక్కడ గుడ్డు తేలితే మేం పండగ చేసుకునేవాళ్ళం, ఇంకెన్నో రోజుల్లేవు పిల్ల వచ్చేస్తుందని. గుడ్డుని మళ్ళీ తుడిచి, సన్నకొస లోపలికి వచ్చేలా నాలుగూ పేర్చి వచ్చేయాలి. మనం సరిగా పేర్చకపోతే పిట్టే వచ్చి సర్దుకుంటుంది. కొంచెం విసుక్కుంటూ సర్దుతుందని నాకనిపించేది.

ఇక కాపురాల సంగతికి వస్తాను. నేను వెళ్ళేముందు నా బుర్రలో ఉన్న బొమ్మ ఏమిటంటే, మగపిట్ట పాడుతుంది, ఆడపిట్ట గుడ్లు పెడుతుంది, ఇద్దరూ పెంచుతారు. బడి పుస్తకంలో బొమ్మ. ఒకే మడిగట్టు మీద, ఒకే వానలో, దాదాపు ఒకే సైజు పిట్టలు మూడు రకాల కాపురాలు చేస్తాయని నాకు తెలీదు.

మొదటిది ఇందాక చెప్పిన సెమీపామేటెడ్. వీటిది బుద్ధిగా వంతులేసుకునే కాపురం. ఇద్దరూ పొదుగుతారు. వంతు ఎంతసేపో తెలుసాండీ? దాదాపు 11 గంటలు. ఒకరు కూర్చుంటే రెండోవారు ఎక్కడికో మేతకు పోతారు, గూటి దరిదాపుల్లో కనపడరు. మార్పిడి చూడాలని ఒకసారి నేను గూటికి నలభై మీటర్ల అవతల గట్టు చాటున స్కోప్ పెట్టుకుని పడుకున్నాను. ఆరు గంటలైంది, ఏడైంది. కూర్చున్న పిట్ట చేసిందేమిటి? రెండుసార్లు గుడ్లు తిప్పింది. ఒకసారి గడ్డిపరక లాగి పక్కన వేసుకుంది. స్కువా, అంటే గుడ్లూ పిల్లలూ ఎత్తుకుపోయే పెద్ద సముద్రపక్షి, దాని నీడ పడితే మెడ దించింది. అంతే. నా చెప్పుల్లో... అదే, బూట్లలో కాళ్ళు తిమ్మిరెక్కాయి. అప్పుడు దూరంగా సన్నగా ఒక పిలుపు. కూర్చున్న పిట్ట తల ఎత్తింది. వచ్చేది ఎగిరి వచ్చి గూటి దగ్గర వాలలేదు. కొంత దూరంలో దిగి, గడ్డిలో వంగి వంగి నడిచి వచ్చింది. కూర్చున్నది లేచి, వెనక్కి చూడకుండా నాలుగడుగులు నడిచి, అప్పుడు ఎగిరింది. వచ్చింది గుడ్ల మీద రొమ్ము ఈకలు విప్పి, అటూ ఇటూ ఊగి, సర్దుకుంది. మొత్తం అర నిమిషం కూడా పట్టలేదు. ఏడు గంటలకి అర నిమిషం.

ఆ నడిచి రావడంలోనే అంతా ఉందండీ. నక్కకీ, స్కువాకీ గూడు చూపించేది రాకపోకలే. 2016లో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది, ఇలా ఇద్దరూ పొదిగే 32 జాతుల తీరపక్షులు, 729 గూళ్ళు, ప్రపంచం నలుమూలల్నుంచి. అందులో తేలింది ఇది: శత్రువు ఇంకా దూరంలో ఉండగానే గూటి మీంచి లేచిపోయే జాతుల్లో వంతులు పొట్టి. రంగులో కలిసిపోయి, చివరిదాకా కదలకుండా కూర్చునే జాతుల్లో వంతులు పొడుగు. దాక్కోవడమే ఆయుధమైనవాడు గుమ్మం దగ్గర తిరగడు కదా. ఇంకో సంగతి, ఈ వంతులు మన గడియారాన్ని లెక్కచేయవు. ఇవాళ ఉదయం డ్యూటీ అయిన పిట్టకి కొన్నాళ్ళకి సాయంత్రం డ్యూటీ వస్తుంది. 24 గంటల లెక్క లేకుండా జరుగుతూ పోతాయి. ఎండా నీడా తేడా తెలియని చోట గడియారం మొగుడూ పెళ్ళాల మధ్యే ఉంది, బయటెక్కడా లేదు.

రెండో కాపురం, రెడ్ ఫాలరోప్. ఇది చూడగానే ఎర్రగా, కళ్ళు చెదిరేలా ఉన్న పిట్ట ఒకటి నీటిగుంటలో గిరగిర తిరుగుతూ కనిపించింది. కాళ్ళతో నీళ్ళు చిలికితే అడుగునున్న పురుగులు పైకి వస్తాయి, అవి ఏరుకుంటుంది. నేను నోటుపుస్తకంలో "మగ" అని రాశాను. పక్కన ఉన్న అమ్మాయి నవ్వి కొట్టేసింది. అది ఆడది. ఫాలరోప్‌లలో ఆడది పెద్దది, రంగులది, పోట్లాడేది, మగవాడి కోసం వేరే ఆడవాళ్ళను తరిమేది. మగది వెలిసిపోయిన రంగు. గుడ్లు పెట్టడం అయ్యాక ఆవిడ వెళ్ళిపోతుంది. వీలైతే ఇంకో మగవాడికి ఇంకో నాలుగు గుడ్లు ఇచ్చి వెళ్తుంది. పొదగడం, పిల్లల్ని చూసుకోవడం అంతా నాన్నే. ఇది చెప్పినప్పుడల్లా ఆడవాళ్ళు ముందు వరసలో చప్పట్లు కొడతారు, ఇవాళ ఇంకా కొట్టలేదేం? (నవ్వులు, చప్పట్లు)

ఒంటరిగా పొదిగే ఆ నాన్నకి ఒక ఇబ్బంది ఉంది. తను తినాలి. తినడానికి లేస్తే గుడ్లు చల్లారతాయి. అందుకని రోజులో కాస్త వెచ్చగా ఉండే వేళ చూసుకుని లేస్తాడు. సూర్యుడు దిగకపోయినా మధ్యాహ్నం కాస్త వెచ్చనే కదా. జతగా పొదిగే పిట్ట గడియారాన్ని వదిలేసింది. ఒంటరి పిట్ట పట్టుకుని వేలాడుతోంది. ఒకే గట్టుకి రెండు వైపులా.

మూడోది పెక్టోరల్ శాండ్‌పైపర్. ఇక్కడ నేను కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే నేను బాగా బోల్తాపడింది ఇక్కడే.

దీని మగది ఆడదానికంటే బాగా పెద్దది. రొమ్ము దగ్గర ఒక సంచి ఉంటుంది, దాన్ని పొంగించి గడ్డికి జానెడెత్తున ఎగురుతూ కూస్తుంది. పాట అనలేం. ఖాళీ కుండ మూతి దగ్గర నోరు పెట్టి హూ హూ హూ అంటే వచ్చే చప్పుడు. నేల మొత్తం ఊపిరి పీలుస్తున్నట్టు ఉంటుంది. మొదటిసారి విన్నప్పుడు అది పక్షి అని నేను అనుకోలేదు. ఈ మగవాడికి గూటితో పని లేదు. గుడ్లతో లేదు, పిల్లలతో లేదు. జత కట్టడం ఒక్కటే. మిగతా అంతా తల్లి ఒక్కతే.

మా మకాం వెనక గట్టు మీద ఒక మగపిట్ట ఉండేది. పొద్దున్న లేస్తే అదే, రాత్రి... రాత్రి అనుకునే వేళ అదే. నేను దానికి పేరు కూడా పెట్టాను, చెప్పను. నోటుపుస్తకంలో వరసగా నాలుగు రోజులు రాశాను: "అదే మగది, అదే గట్టు, తన హద్దు కాపాడుకుంటోంది." చాలా గర్వంగా రాశాను. అయిదో రోజు మా బృందంవాళ్ళు ఆ చుట్టుపక్కల మగవాటిని పట్టి కాళ్ళకి రంగు రింగులు వేయడం మొదలుపెట్టారు. నా గట్టు మీదదానికి ఎరుపు మీద పసుపు వేశారు. మర్నాడు చూస్తే గట్టు మీద పిట్ట ఉంది, రింగుల్లేవు. ఆ మర్నాడు ఇంకో పిట్ట, నీలం మీద తెలుపు. నా "అదే మగది" ఎవరికి తెలుసు ఎంతమందో! గట్టు ఒకటే, కాపలావాళ్ళు మారుతున్నారు. నాలుగు రోజుల నోట్సు కొట్టేయలేదు నేను, పక్కన ప్రశ్న గుర్తు పెట్టి ఉంచాను. ఇప్పటికీ ఉంది.

ఇది నా ఒక్కదాని తెలివితక్కువతనం కాదని తర్వాత తెలిసింది, కొంచెం ఊరట. జర్మనీలో మాక్స్ ప్లాంక్ సంస్థకి చెందిన బార్ట్ కెంపెనెర్స్, మిహాయ్ వాల్కు ఇదే ఊళ్ళో చాలా మగ పెక్టోరల్‌లకు ఉపగ్రహ ట్రాన్స్‌మిటర్లు కట్టారు. 2017లో ఫలితాలు వచ్చాయి. ఆ మగపిట్టలు ఉట్కియాగ్విక్‌లో ఆగింది కొద్ది రోజులే. ఇక్కడ కొన్నాళ్ళు హూ హూ మని, లేచి వందల కిలోమీటర్లు పోయి, అక్కడ కొన్నాళ్ళు. కొన్ని అటు రష్యాకి, కొన్ని ఇటు కెనడాకి. ఒకే వేసవిలో ఒక్కో పిట్ట 24 చోట్ల దాకా తిరిగింది. ఎక్కువ తిరిగిన పిట్ట 13,000 కిలోమీటర్లు దాటింది. ఇది వలస కాదండీ, వలస వచ్చాక చేసిన ప్రయాణం! దక్షిణ అమెరికా నుంచి వచ్చి, సేద తీరకుండా, సంబంధాల కోసం ఇంత తిరుగుడు.

ఇంకోటి చెప్తాను. నిద్ర. అదే బృందంతో కలిసి జాన్ లెస్కూ అనే ఆయన ఈ మగపిట్టల మెదడు తరంగాలు, కదలికలు రికార్డు చేశారు, 2012లో అచ్చయింది. ఒక పిట్ట 19 రోజుల పాటు 95 శాతానికి పైగా సమయం మెలకువగా తిరుగుతూనే ఉంది. కునుకు తీసినా సెకన్ల కునుకులు, కాకపోతే గాఢంగా. ఆ తర్వాత పిల్లల పితృత్వం జన్యు పరీక్షలతో చూశారు. అందరికంటే తక్కువ నిద్రపోయిన మగవాళ్ళకే ఎక్కువమంది పిల్లలు. నిద్ర చాలకపోతే పని చెడుతుందని మనకి డాక్టర్లు చెప్తారు కదా, ఈ పిట్టకి ఎవరూ చెప్పలేదు. (నవ్వులు) పరీక్షల ముందు రాత్రులు మేలుకునే పిల్లలెవరైనా ఉంటే, ఇది మీ అమ్మానాన్నలకి చూపించకండి. మీరు శాండ్‌పైపర్లు కారు.

నాకు ఇందులో పట్టుకున్నదేమిటంటే, కంటికి బాగా కనిపించేది చాలాసార్లు మోసమే. గట్టు మీద గొంతు పొంగించి నిలబడ్డవాడు కనిపిస్తాడు, మనం వాడి గురించి పేజీలు రాస్తాం. వాడు రేపు ఉండడు. గడ్డిలో గుడ్ల మీద కదలకుండా కూర్చున్న తల్లి కనిపించదు. ఆ పేజీలు ఖాళీ. అసలు ఆ ఊరి చుట్టూ ఈ పిట్టల కాపురాల మీద 1950ల నుంచీ ఫ్రాంక్ పిటెల్కా లాంటి పెద్దలు దశాబ్దాలు పని చేశారు, బైనాక్యులర్లూ ఓపికా పెట్టుబడిగా. మూడు రకాల కాపురాలున్నాయని, ఏ జాతిది ఏదని వాళ్ళే చెప్పారు. కానీ గట్టు మీద పిట్ట నిన్నటిదో కాదో చెప్పడానికి కాలికి రింగు, వీపు మీద ట్రాన్స్‌మిటర్ రావాల్సి వచ్చింది.

మరి అంత దూరం పోవడం దేనికి, ఇక్కడే పెట్టుకోవచ్చు కదా గుడ్లు, అని అడుగుతారు. తిండి, పొడుగు పగళ్ళు ఒక కారణం. ఇంకొకటి శత్రువులు. కెనడాలో ఒక బృందం దక్షిణం నుంచి ఉత్తరానికి 3,350 కిలోమీటర్ల పొడవునా 1,555 ఉత్తుత్తి గూళ్ళు పెట్టింది, వాటిలో కౌజుపిట్ట గుడ్లు. ఎన్ని మిగులుతాయో చూశారు. దక్షిణపు కొస నుంచి ఉత్తరపు కొసకి వెళ్ళేసరికి గూడు దోపిడీ ముప్పు 66 శాతం తగ్గింది. 2010 మాట ఇది. అంటే ఆ ప్రయాణం ఖర్చుకి గుడ్ల భద్రత బదులు.

తర్వాత 2018లో ఇంకో బృందం, ఆ భద్రత పోతోంది, ఆర్కిటిక్‌లో గూళ్ళ దోపిడీ బాగా పెరిగింది అని రాసింది. మర్నాటికే వార్తలన్నీ అదే. 2019లో వేరేవాళ్ళు అభ్యంతరం చెప్పారు: పాతకాలపు గూళ్ళని ఎన్ని రోజులు చూశారో సరిగా రాయలేదు, మీరు ఊహించి లెక్కవేశారు, ఆ పెరుగుదల లెక్క పద్ధతిలోంచి వచ్చిందేమో అని. ఇరుపక్షాలూ గట్టిగానే వాదించుకున్నాయి. నేను ఎవరి పక్షమూ తీసుకోను, కానీ నా ప్రశ్నగుర్తు పెట్టిన నోటుపుస్తకం గుర్తొచ్చింది. మనం రాసే ప్రతి గీతా యాభై ఏళ్ళ తర్వాత ఎవరో నమ్ముతారు. పొద్దున్న మీరు ఇబర్డ్‌లో, అదే, పక్షుల లెక్కలు నమోదుచేసే వెబ్‌సైటులో వేసిన లెక్క కూడా. "సుమారు 500" అని వేసేముందు కనీసం ఒక వందైనా నిజంగా లెక్కపెట్టండి.

శత్రువుల మాట వచ్చింది కాబట్టి నాకు ఇష్టమైనది ఒకటి. మన తీతువు పిట్ట గూటి దగ్గరికి వెళ్తే ఏం చేస్తుంది? నెత్తిన గోలపెడుతూ మీదికి దూకుతుంది. అక్కడి ఉల్లంకులకి అంత ఒళ్ళు లేదు. అవి నాటకం ఆడతాయి. రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ పోవడం మీరు వినే ఉంటారు. ఇంకో నాటకం ఉంది, ఎలుక వేషం. లెమ్మింగ్ అని అక్కడ బొద్దుగా ఉండే ఎలుకజాతి జంతువు, నక్కకి రోజువారీ భోజనం. గూటి మీంచి లేచిన పిట్ట వీపు వంచి, ఈకలు ఉబ్బించి, తల దించి, గడ్డిలో వంకర టింకరగా పరిగెడుతుంది, కీచుకీచుమంటూ. నా బూటు పక్కనుంచి అలా పోయినప్పుడు నేను లెమ్మింగే అనుకుని పట్టించుకోలేదు. పది మీటర్లు పోయాక రెక్కలు విప్పి ఎగిరింది. నక్క అయితే ఆ పది మీటర్లూ వెంటపడేది. నేను నక్క కంటే తెలివైనదాన్ని కాదు, కాకపోతే ఆకలి లేదు, అంతే తేడా.

పిల్లల సంగతి చెప్పి ముగిస్తాను, టీ చల్లారుతోందంటున్నారు. పిల్ల వచ్చే రెండు మూడు రోజుల ముందు గుడ్డు మీద నక్షత్రంలా సన్న పగుళ్ళు పడతాయి. చెవి దగ్గర పెట్టుకుంటే లోపల కిచకిచ. బయటికొచ్చిన పిల్ల అయిదారు గ్రాములు కూడా ఉండదు. నూగు, కింద రెండు పొడుగు కాళ్ళు. కాళ్ళు మాత్రం ఎవరో పెద్దవాళ్ళవి అరువు తెచ్చుకున్నట్టు ఉంటాయి. ఖాళీ పెంకులు తల్లో తండ్రో ముక్కున కరుచుకుని దూరంగా పారేసి వస్తారు, లోపలి తెలుపు నక్క కంట పడకుండా. ఒళ్ళారిన పిల్లలు రోజు తిరక్కుండా గూడు వదిలేస్తాయి. ఎవరూ నోట్లో పెట్టరు. తమ తిండి తామే ఏరుకోవాలి. చలేస్తే మాత్రం పెద్దదాని కిందికి దూరతాయి. నాలుగు పిల్లలు దూరితే పైనున్న పిట్టకి పది కాళ్ళు కనిపిస్తాయి.

పిల్లలకి ఆ కొద్ది రోజుల పురుగుల తిండిలో తేడా వస్తే ఏమవుతుందో రెడ్ నాట్ పిట్టల్లో చూశారు. ఇవి రష్యాలో తైమీర్ ద్వీపకల్పంలో పుట్టి, చలికాలం ఆఫ్రికాలో మారిటేనియా తీరానికి వెళ్తాయి. ముప్పై ఏళ్ళకి పైగా తైమీర్‌లో మంచు ఏడాదికి అరరోజు చొప్పున ముందే కరుగుతోంది. ముందుగా కరిగిన ఏళ్ళలో పుట్టిన పిల్లలు చిన్నగా, ముక్కు పొట్టిగా తయారవుతున్నాయి. పుట్టినచోట అది పెద్ద నష్టం కాదు. మారిటేనియా బురదలో లోతున ఉన్న గుల్లలు ఆ పొట్టి ముక్కుకి అందవు. పైపైన దొరికే సముద్రపు గడ్డి వేళ్ళు తిని బతకాలి. ఎక్కువ బతకడం లేదు. తైమీర్‌లో వేసవి మారితే, అది పిట్ట ముక్కులోంచి ఆఫ్రికాలో బయటపడుతోంది.

ఆ తైమీర్ నుంచే మళ్ళీ మన బురద దగ్గరికి వచ్చేస్తున్నాను. పొద్దున్న మీరు చూసిన కర్ల్యూ శాండ్‌పైపర్లు ఆ ఉత్తర సైబీరియా పిట్టలే. ఉట్కియాగ్విక్ పిట్టలు ఇక్కడికి రావు, వాటి దారులు వేరు. కర్ల్యూది పెక్టోరల్ లాంటి కాపురమే. మగవాడు జత కట్టి జూలై మొదట్లోనే బయల్దేరతాడు. తల్లి పిల్లల్ని చూసుకుని ఆ తర్వాత బయల్దేరుతుంది. పిల్లలు అన్నిటికన్నా చివర, పెద్దవాళ్ళెవరూ తోడు లేకుండా వస్తాయి. 

(ప్రేక్షకుల్లోంచి ఒక అబ్బాయి: "మరి వాటికి దారెవరు చెప్తారండీ?")

ఎవరూ చెప్పరు నాన్నా. దిక్కు, దూరం పుట్టుకతోనే కొంత వాటిలో ఉంటుంది. నక్షత్రాలు, సూర్యుడు, భూమి అయస్కాంతం చూసుకుంటాయి. అది విడిగా ఒక రోజు చెప్పుకోవాల్సిన కథ. నిన్ను అడుగుతాను, పొద్దున్న పొట్ట మీద ఇటుకరంగు మచ్చలున్న పిట్టలు చూశావా? అవి పెద్దవాళ్ళు, వేసవి బట్టలు ఇంకా పూర్తిగా మార్చుకోలేదు. 

ఇకనుంచి సెప్టెంబరు, అక్టోబరు వారాల్లో వచ్చేవాటిని చూడండి. వీపు మీద ప్రతి ఈకకీ లేత అంచు ఉండి చేపపొలుసుల్లా కనిపిస్తే, రొమ్ము మీద గంధంపొడి చల్లినట్టు లేత రంగుంటే, అది ఈ ఏడు పుట్టిన పిల్ల. వందలో అలాంటివి ఎన్నున్నాయో విడిగా లెక్క రాయండి. దక్షిణాఫ్రికాలో ఏళ్ళ తరబడి అలా లెక్కపెట్టినవాళ్ళకి ఒక సంగతి దొరికింది: తైమీర్‌లో లెమ్మింగ్‌లు పుష్కలంగా ఉన్న ఏడు పిల్లలు బోలెడు వస్తాయి. లెమ్మింగ్‌లు పడిపోయిన ఏడు నక్కలు గూళ్ళ మీద పడతాయి, ఆ ఏడు తీరంలో పిల్లలు దాదాపు కనపడవు. మన దగ్గర అలాంటి లెక్క నా పుస్తకంలో రెండేళ్ళదే ఉంది. మూడోది వచ్చే ఆదివారం మొదలుపెడదాం. పోటు వేళ చూసి గ్రూపులో పెడతాను, నీరు తీయడానికి అరగంట ముందే రేవు దగ్గరుండండి. స్కోప్ ఉన్నవాళ్ళు తెచ్చుకోండి, బురదలోకి చెప్పులతో రాకండి.